పీర్ల పండగ చూపించి కథను కాదనొచ్చా?

ముస్లింల మీద అణచివేత ఉందని చెప్పే రాయలసీమ ముస్లిం కథల మీద కడపలో మళ్లీ వాదన మొదలైంది. "ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికి పోతారు, అనంతపురం జిల్లా గూగూడు పీర్లకు హిందువులు మొక్కుతారు. ఇక్కడ అణచివేత ఎక్కడుంది?" అని ఒక పక్షం అడుగుతోంది. ఆ పండగలు నిజమే. కథకులూ వాటిని కాదనలేదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ కవిత 'పుట్టుమచ్చ', మరుసటేడు బాబ్రీ కూల్చివేత, 1998లో 'జల్‌జలా' కవితలు, 2004లో 'వతన్' కథలు. ఈ వరస పాఠకులకు తెలిసిందే. సీమ కథకు సంబంధించి అసలు మలుపు 2007 మే 18 అని నేను అనుకుంటాను.

ఆ రోజు శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలి 9 మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది. పైగా అనుమానంతో పట్టుకెళ్లింది ముస్లిం కుర్రాళ్లనే. వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చేసరికి చదువులూ ఉద్యోగాలూ చెదిరిపోయాయి. 2018లో ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కోర్టు తన ముందున్న వేరే ఐదుగురు నిందితులనూ విడిచిపెట్టింది. మరి బాంబు పెట్టిందెవరు?

కడప జిల్లా నుంచి వచ్చిన వేంపల్లి షరీఫ్ 'జుమ్మా' కథ ఈ పేలుడు మీదే. శుక్రవారం నమాజు తప్పితే ఒప్పుకోని తల్లి, పేలుడు తర్వాత కొడుకును మసీదుకు పోవద్దంటుంది. అంతే కథ. ఎవరూ ఆమెను కొట్టలేదు, బెదిరించలేదు. అయినా జీవితమంతా నమ్మినదాన్ని ఆమె నోటితోనే వద్దనిపించింది భయం. అధికారం మనిషి ఇంట్లోకి ఎలా వస్తుందో ఇంతకన్నా సూటిగా చెప్పిన కథ నేను చదవలేదు. ఆ పేరుతో వచ్చిన సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

ఈ కథకులు తమవాళ్ల లోపాలు వదిలేసి ఒకవైపే రాస్తారన్న ఆరోపణ కూడా నిలవదు. దూదేకులవాళ్లను తోటి ముస్లింలే తక్కువగా చూడడం, ఇంట్లో ఆడవాళ్ల కష్టాలు, అన్నీ ఈ కథల్లోకి వచ్చాయి.

ఆమధ్య ఒక స్నేహితుడితో కలిసి అనంతపురంలో అద్దె ఇల్లు వెతికాను. గదులు చూపించారు, అద్దె చెప్పారు, చివర్లో పేరు అడిగారు. పేరు విన్నాక, "ఇప్పుడే వేరేవాళ్లకు మాటిచ్చాం" అన్నారు. మావాడు ఏటా గూగూడుకు పోతాడు. అక్కడ జనంలో ఎవరూ అతని పేరు అడగరు.