మెరీనా బే శాండ్స్: కొలను, బిల్లు, భోజనం, దారి – అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్, విశాఖల నుంచి సింగపూర్‌కు నేరుగా విమానాలున్నాయి. వెళ్ళేవాళ్ళలో చాలామంది ట్రిప్పు ప్లాన్ చేసేవాళ్ళను ముందుగా అడిగేది ‘ఆ ఓడ హోటల్’ గురించే – మూడు టవర్ల నెత్తిన ఓడలాంటి కప్పు, దానిమీద కొలను ఉన్న మెరీనా బే శాండ్స్ అది. ఒక సంగతి ముందే చెప్పాలి. అక్కడ చూడదగ్గవాటిలో చాలావరకు ఉచితం. గదికి కట్టే డబ్బు ప్రధానంగా పైనున్న కొలను కోసమే. ఈతమీద ఆసక్తి లేని కుటుంబం అక్కడ మూడు రాత్రులు దిగడం మా దృష్టిలో దండగ. కొలను కావాలనుకుంటే ఒక్క రాత్రి చాలు.

అపోహ: టికెట్ కొని పైకెక్కితే కొలనులో దిగొచ్చు.

ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. టికెట్‌తో వెళ్ళేది అబ్జర్వేషన్ డెక్‌కు. మూడో టవర్ దాటి 66.5 మీటర్లు గాల్లోకి పొడుచుకొచ్చిన భాగం అది. అక్కడి నుంచి కొలనులోకి దారి లేదు. పైనే ఉన్న సే లా వీ రెస్టారెంటులో కూర్చుని వెయ్యి సింగపూర్ డాలర్లు ఖర్చుపెట్టినా అంతే. కొలను గేటు దగ్గర రూమ్ కార్డు తాకించాలి. బుకింగ్‌లో ఎంతమంది ఉన్నారో అంతమందికే ప్రవేశం. ఇద్దరి పేరుమీద గది తీసుకుని అత్తమామల్ని కూడా పైకి తీసుకెళ్దామంటే కుదరదు. పిల్లలతో సహా అందరినీ బుకింగ్ సమయంలోనే చేర్చండి.

అపోహ: కొలను అంచు దాటితే నేరుగా కింద రోడ్డే.

గోడమీదుగా పొర్లిన నీరు కొద్దిగా దిగువనున్న తొట్టిలో పడుతుంది, వడకట్టాక పంపులు దాన్ని మళ్ళీ కొలనులోకి తోస్తాయి. నీళ్ళలో ఉన్నవాళ్ళకు ఆ తొట్టి కనపడదు కాబట్టే ఆ భ్రమ. అసలు పనితనం ఇంకా కింద ఉంది. దాదాపు 150 మీటర్ల ఈ కొలను మూడు టవర్ల మీదుగా పరుచుకుంది. గాలికి ఏ టవర్ కదలిక దానిదే. మూడింటినీ కలిపి ఒకే కాంక్రీటు తొట్టి పోస్తే టవర్ల మధ్య చిట్లుతుంది. అందుకని స్టెయిన్‌లెస్ స్టీలు వాడి, నడుమ కదలడానికి వీలున్న అతుకులు పెట్టారు. మొత్తం 500 మిల్లీమీటర్ల కదలికను అవి సర్దుకుంటాయి. పైగా ఈ స్థలం సముద్రాన్ని పూడ్చి తెచ్చిన నేల, ఏళ్ళ మీద కాస్త కుంగవచ్చు. ఇలాంటి కొలనుకు అదే పెద్ద చిక్కు. అంచు ఒక మూల సెంటీమీటరు దిగినా నీరంతా అటే పొర్లి మిగతా అంచు ఎండిపోతుంది. మళ్ళీ మట్టం సరిచేయడానికి కింద 500 చోట్లకు పైగా జాకీలు అమర్చారు.

అపోహ: లోపలి కళాఖండాలు అతిథులకే.

2010లో తెరిచిన ఈ హోటల్ ఆర్కిటెక్ట్ మోషే సఫ్దీ. కళాకృతుల్ని భవనంతో పాటే చేయించారు, లాబీలో ఎవరైనా తిరిగి చూడొచ్చు. మొదటి టవర్‌లో తల పైకెత్తితే ఆంటొనీ గోర్మ్‌లీ ‘డ్రిఫ్ట్’ కనిపిస్తుంది: 16,000కు పైగా స్టీలు కడ్డీలతో 40 మీటర్ల పొడవున అల్లిన మబ్బులాంటిది. లాబీ పొడవునా చెట్లున్న 83 భారీ మట్టికుండలు జెంగ్ చోంగ్‌బిన్ పని. చాలామంది వాటిని పూలకుండీలనుకుని లగేజీ ఆనిస్తారు. బయటి గోడమీద నెడ్ కాన్ అమర్చిన 2,60,000 లోహపు రేకులు గాలికి అలల్లా కదులుతూ లోపలికొచ్చే ఎండ వేడిమిని కూడా తగ్గిస్తాయి. రాత్రి 8కి, 9కి నీళ్ళమీద జరిగే స్పెక్ట్రా కాంతి ప్రదర్శనా ఉచితమే. తామరపువ్వులాంటి ఆర్ట్‌సైన్స్ మ్యూజియం ప్రదర్శనలకు మాత్రం టికెట్ ఉంది.

అపోహ: పెద్దక్షరాల్లో కనిపించిన రేటే బిల్లు.

రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులున్నాయేమో చూడండి. మొదటిది 10 శాతం సర్వీస్ ఛార్జి, రెండోది 9 శాతం జీఎస్టీ. ఆ జీఎస్టీ సర్వీస్ ఛార్జి మీద కూడా పడుతుంది. 800 డాలర్ల గదికి 80 కలిపితే 880, దానిమీద పన్ను 79.20, మొత్తం 959.20. సర్వీస్ ఛార్జి తీసేయమని మన దేశంలో అడిగినట్టు అక్కడ అడిగి లాభం లేదు. ఎయిర్‌పోర్టులో పర్యాటకులకిచ్చే పన్ను వాపసు కొన్న వస్తువులకే, గదికీ తిండికీ రాదు. డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు ఇవ్వండి. డెబిట్ కార్డయితే ఆ సొమ్ము విడుదలయ్యేదాకా ఖాతాలోంచి వాడుకోలేరు.

అపోహ: వెజిటబుల్ అని రాసుంటే శాకాహారమే.

కాదు. వెజిటబుల్ ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు మామూలు. ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల సాస్), సంబల్ అనే మిరప పచ్చడిలో ఎండురొయ్యల ముద్ద ఉంటాయి. ‘నో మీట్’ అంటే సరిపోదు. గుడ్డు, చేప, రొయ్య, ఆయిస్టర్ సాస్ అని విడివిడిగా చెప్పాలి. ఇక్కడున్న షెఫ్ వోల్ఫ్‌గ్యాంగ్ పక్ రెస్టారెంటు ‘కట్’ పేరున్న చోటే గానీ అది స్టీక్ హౌస్, అంటే గొడ్డుమాంసమే ప్రధానం. అన్నం, సాంబారు కావాలంటే హోటల్ కిందున్న బేఫ్రంట్ మెట్రో స్టేషన్‌లో డౌన్‌టౌన్ లైన్ రైలెక్కి నాలుగో స్టాప్ లిటిల్ ఇండియాలో దిగండి. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో వడ్డించేది పూర్తి శాకాహారం.

అపోహ: అరైవల్ కార్డు నింపితే వీసా అక్కర్లేదు.

రెండూ వేరు. అరైవల్ కార్డంటే సింగపూర్‌లో దిగేముందు ఆన్‌లైన్లో నింపే వివరాల పత్రం. మామూలు పర్యటనకు భారతీయులు వీసా ముందే తీసుకోవాలి. అరైవల్ కార్డును దిగే తేదీకి మూడు రోజుల్లోపు ప్రభుత్వ సైట్లో మీరే నింపవచ్చు, రుసుము లేదు.

అపోహ: ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ తప్పదు.

ఛాంగీ ఎయిర్‌పోర్టు స్టేషన్‌లో మెట్రో రైలెక్కి తర్వాతి స్టాప్ ఎక్స్‌పోలో దిగి డౌన్‌టౌన్ లైన్‌కు మారితే నేరుగా బేఫ్రంట్. స్టేషన్ హోటల్ కిందే ఉంది. ఎగ్జిట్ సి గానీ డి గానీ పట్టుకోండి. బి పట్టుకుంటే పెట్టెలతో సహా గార్డెన్స్ బై ద బే పార్కు వైపు తేలతారు. టాక్సీ కన్నా సమయం రెట్టింపు పడుతుంది, ఖర్చు మాత్రం చాలా తక్కువ. అర్ధరాత్రి దిగితే రైళ్ళుండవు, 12 నుంచి ఉదయం 6 లోపు టాక్సీ మీటరు మీద 50 శాతం అదనం. మామూలు టాక్సీలో నలుగురికే చోటు, అయిదుగురైతే మ్యాక్సీ క్యాబ్ అడగాలి. గది చేతికొచ్చేది మధ్యాహ్నం 3 తర్వాతే. పొద్దున్నే చేరితే పెట్టెలు బెల్ డెస్క్‌లో అప్పగించి తిరగండి. స్నానానికి కావలసినవి, పిల్లల మందులు చేతిసంచిలో ఉంచుకోండి.