స్టేషన్‌కీ యూనివర్సిటీకీ మధ్య గోడ: క్రిమినాలజీ పీజీ చదువుల వెనక కథ

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో ఏటా ఈ ప్రశ్న వినిపిస్తుంది: "సార్, క్రిమినాలజీలో పీజీ చేస్తే పోలీసు ఉద్యోగం వస్తుందా?" దానంతట అదే రాదు. ఎస్సై పరీక్ష రాయడానికి ఏ డిగ్రీ అయినా చాలు. బీకాం చదివినవాళ్లూ, క్రిమినాలజీలో ఎంఏ చేసినవాళ్లూ అదే ప్రిలిమ్స్ రాయాలి, అదే గ్రౌండ్‌లో పరుగెత్తాలి. నేరం గురించి రెండేళ్లు చదివిన మనిషికీ, నేరాన్ని పరిశోధించే ఉద్యోగానికీ మధ్య ఇంత దూరం ఎందుకు వచ్చిందో తెలియకుండా కోర్సు ఎంచుకుంటే తర్వాత బాధపడాల్సి వస్తుంది.

మన పోలీసు వ్యవస్థ పుట్టింది నేర పరిశోధన కోసం కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1859లోనే ఒక పోలీసు చట్టం వచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత, 1861లో బ్రిటిష్ ఇండియాలోని మిగతా చాలా ప్రాంతాలకు ఇంకో చట్టం తెచ్చారు. జనం లేవకుండా చూడటం, ప్రభుత్వానికి అడ్డు రాకుండా కాయడం వాటిలో మొదటి పని. దొంగను పట్టడం, సాక్ష్యం సేకరించడం ఆ తర్వాతి మాట. కాబట్టి పరిశోధన ఎలా చేయాలో ప్రత్యేకంగా చదివించాలన్న ఆలోచనే అప్పట్లో పెద్దగా లేదు. కొత్తగా వచ్చిన ఎస్సైకి పంచనామా రాయడం, కేసు డైరీ కట్టడం నేర్పింది కేసుల కాగితాలు రాసే స్టేషన్ రైటరే. ఆ రైటర్‌కి అంతకు ముందున్న రైటర్ నేర్పాడు. 1902లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన వేసిన కమిషన్, పోలీసులకు శిక్షణ సరిగా లేదని తేల్చి చెప్పింది. శిక్షణ పాఠశాలలు పెట్టాలని, ప్రతి ప్రావిన్సులో సీఐడీ ఉండాలని సిఫారసు చేసింది. పాఠశాలలు వచ్చాయి, సీఐడీ వచ్చింది. అవన్నీ శాఖ లోపలే ఉండిపోయాయి. యూనివర్సిటీల ప్రసక్తి రాలేదు.

అయితే అంతకు ముందే కలకత్తాలో ఒకసారి ఈ రెండూ కలిశాయి. ఆ సంగతి నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది. బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి 1858లో ఒక కాంట్రాక్టు కాగితం మీద సంతకంతో పాటు అరచేతి ముద్ర కూడా వేయించుకున్నాడు. వేలిముద్రలను గుర్తింపుకు వాడటంలో అదొక తొలి అడుగు. కానీ వేల ముద్రల్లోంచి కావలసిన ఒక్కదాన్ని వెతికి తీయడం ఎలా? బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ ఈ పనికి లెక్కల్లో దిట్ట అయిన కుర్రాడి కోసం చూశాడు. అలా కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన అజీజుల్ హక్ ఎస్సైగా చేరాడు. ముద్రలను 1024 గళ్లుగా విడగొట్టే లెక్క ఆయనది. హేమచంద్ర బోస్ ఆ పనిని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. 1897లో కలకత్తాలో మొదలైన వేలిముద్రల బ్యూరో ప్రపంచంలోనే మొదటిది. ఆ పద్ధతి మాత్రం హెన్రీ పేరు మీదే లోకమంతా తిరిగింది. కాలేజీలో చదివిన లెక్కలు స్టేషన్ పనిని మార్చేశాయి. అయినా అలాంటి పిల్లల్ని తీసుకోవడం ఒక పద్ధతిగా నిలబడలేదు.

మద్రాసులోనూ ఒక మంచి ప్రయత్నం జరిగింది. ఆస్ట్రియా న్యాయాధికారి హాన్స్ గ్రాస్ నేర పరిశోధన మీద రాసిన గ్రంథాన్ని మద్రాసులో పనిచేసిన ఇద్దరు బారిస్టర్లు, జాన్ ఆడమ్, కాలియర్ ఆడమ్, మన దేశ పరిస్థితులకు తగ్గట్టు మార్చి 1906లో ఇంగ్లిష్‌లో తెచ్చారు. ఘటనా స్థలాన్ని ఎలా చూడాలి, సాక్షిని ఎలా అడగాలి అన్నవి అందులో ఉన్నాయి. గ్రాస్ 1912లో గ్రాట్స్ విశ్వవిద్యాలయంలో ఏకంగా ఒక సంస్థనే పెట్టాడు. మన దగ్గర పుస్తకం వచ్చింది గానీ విభాగం రాలేదు.

ఆ ఖాళీలోకి వచ్చినదాని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. నేరం ఎందుకు జరుగుతుందో చదవాల్సిన చోట, ఫలానా కులాలు పుట్టుకతోనే నేరస్తులని అధికారులు రాసుకున్నారు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఆ చట్టం నీడలో పుట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ దాన్ని నడిపింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. ఎరుకల కుటుంబాలు హాజరు వేయించుకుంటూ, అనుమతి లేనిదే ఊరు దాటకుండా బతికాయి. ఆ చట్టాన్ని దేశమంతటా ఎత్తేసింది 1952లో. ఎత్తేశాక కూడా ఆ ఊరి పేరు చెబితే మనుషులు అనుమానంగా చూడటం పోలేదు. ఇవాళ క్రిమినాలజీ తరగతిలో "ముద్ర వేయడం వల్లే మనిషి నేరస్తుడిగా మిగిలిపోతాడు" అన్న సిద్ధాంతాన్ని అమెరికా ఉదాహరణలతో చెబుతారు. మన బాపట్ల ఉదాహరణ చెబితే పిల్లలకు జన్మలో మరచిపోకుండా అర్థమవుతుంది.

యూనివర్సిటీల్లో ఈ చదువు స్వాతంత్ర్యం తర్వాతే మొదలైంది. బొంబాయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 1950లలో సోషల్ వర్క్‌లో భాగంగా, జైళ్లు, సంస్కరణ కోణంలో క్రిమినాలజీ చెప్పింది. 1959లో మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయం క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ (నేర ఆధారాలను ల్యాబ్‌లో పరీక్షించే శాస్త్రం) కలిపి ఒక విభాగం పెట్టింది. 1965లో మద్రాసు విశ్వవిద్యాలయం సైకాలజీ నీడలో మొదలుపెట్టి, తర్వాత దాన్ని విడి విభాగం చేసింది. తెలుగు విద్యార్థులకు దగ్గరగా ఉన్న పాత విభాగాల్లో అదొకటి. 1971లో కేంద్రం పోలీసు శిక్షణ మీద వేసిన కమిటీకి టాటా సంస్థ డైరెక్టర్ ఎం.ఎస్. గోరే అధ్యక్షుడు. ఒక ప్రొఫెసర్‌ని పిలిచి పోలీసులకు ఏం నేర్పాలో అడిగారంటే చిన్న విషయం కాదు. 1972లో ఢిల్లీలో క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ జాతీయ సంస్థ కూడా వచ్చింది. కానీ అక్కడ మొదట చాలాకాలం పాఠాలు విన్నది సర్వీసులో ఉన్న పోలీసు, జైలు, న్యాయాధికారులే.

హైదరాబాద్ కథా అంతే. మౌంట్ అబూలో 1948లో మొదలైన కేంద్ర పోలీసు శిక్షణ కళాశాల, సర్దార్ పటేల్ పేరుతో జాతీయ పోలీసు అకాడమీగా మారి, 1975లో ఇక్కడికి వచ్చింది. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్, డిటెక్టివ్ శిక్షణ సంస్థ ఉన్నాయి. కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని దేశంలోని కోర్టులకు చేర్చారు. ఇన్ని ఉన్న ఊళ్లో ఒక మామూలు బీఎస్సీ పిల్ల ఈ చదువు చదవాలంటే చాలాకాలం సాగర్‌కో, మద్రాసుకో వెళ్లాల్సి వచ్చింది. నాకు ఇది ఇప్పటికీ మింగుడు పడదు.

కదలిక మొదలైంది గుజరాత్‌లో. 2009లో గాంధీనగర్‌లో ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ పెట్టారు. 2020లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ విశ్వవిద్యాలయమైంది, ఢిల్లీ సంస్థ దానిలో కలిసింది. అక్కడి రక్షాశక్తి విశ్వవిద్యాలయం కూడా అదే ఏడాది రాష్ట్రీయ రక్షా యూనివర్సిటీ అయింది. కానీ అసలు మలుపు కొత్త క్రిమినల్ చట్టాలతో వచ్చింది. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 176(3) సెక్షన్ ఉంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, అదంతా వీడియో తీయించాలి. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఫోరెన్సిక్ సదుపాయాల కోసం 2,254.43 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. ఘటనా స్థలంలో ఆధారాలు వెతికే క్లూస్ టీమ్ అంటే పెద్ద హత్య జరిగినప్పుడే వచ్చే బండి అనుకునే రోజులు పోవాలంటే మనుషులు కావాలి.

ఇక చదువుల మాటకొస్తే, క్రిమినాలజీ, ఫోరెన్సిక్ ఒకటే అనుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. క్రిమినాలజీ సమాజ శాస్త్రం. ఏ డిగ్రీవారైనా చేరే వీలు చాలాచోట్ల ఉంది. జువెనైల్ హోములు, జైలు సంస్కరణలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన, యూజీసీ నెట్ రాసి అధ్యాపకులు కావడం దాని దారులు. మద్రాసు కాకపోతే తిరునల్వేలిలోని మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయం ఉంది. ఫోరెన్సిక్ అంటే ల్యాబ్ చదువు. దానికి సైన్స్ డిగ్రీ కావాలి. ఉస్మానియాలో ఎమ్మెస్సీకి సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, గాంధీనగర్ జాతీయ విశ్వవిద్యాలయానికి దాని సొంత ప్రవేశ పరీక్ష ఎన్‌ఫ్యాట్ రాయాలి. ఒక జాగ్రత్త: ల్యాబ్ పోస్టుల్లో చాలావాటికి ఆ విభాగాన్ని బట్టి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటి పీజీలు ఉన్నవారూ అర్హులే. అందుకే చేరే ముందు పాత నోటిఫికేషన్లలో మీ డిగ్రీ పేరు ఉందో లేదో చూసుకోండి. లా చేసినవారికి నేరాల స్పెషలైజేషన్‌తో ఎల్ఎల్ఎం ఉంది. ఉద్యోగం చేస్తూ చదివేవారికి హైదరాబాద్ న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ దూరవిద్య డిప్లొమా ఉంది.

బ్రిటన్ వెళ్లి పోలీసింగ్‌లో మాస్టర్స్ చేద్దామనుకునేవారికి ఒక మాట. అక్కడ పోలీసు అధికారిగా చేరాలంటే స్టూడెంట్ వీసా సరిపోదు. పౌరసత్వమో, శాశ్వతంగా ఉండే హక్కో ఉండాలి. ఫీజు కోసం పొలం తాకట్టు పెట్టే ముందే ఇంట్లో ఈ విషయం మాట్లాడుకోవాలి.

పరిశోధన చేసేవాళ్లనూ శాంతిభద్రతలు చూసేవాళ్లనూ విడదీయాలని, పది లక్షల జనాభా దాటిన నగరాలతో మొదలుపెట్టమని సుప్రీంకోర్టు 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. అది పూర్తిగా జరిగిన రోజున, పరిశోధన విభాగానికి తగిన చదువు ఉన్నవాళ్లనే తీసుకోండని అడిగే వీలుంటుంది. ఇప్పటికైతే మన చేతిలో ఉన్నది 176(3) గడువే. అది 2029 జూన్‌తో ముగుస్తుంది. 2026లో ఎమ్మెస్సీలో చేరేవాళ్లు 2028లో బయటికొస్తారు.