ఉమ్మడి ల్యాబులు: యూరప్ ముందు కట్టాల్సినవి రాసుకుంది, ఉన్నవి తర్వాత లెక్కపెట్టింది

రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన యూరప్‌లో, అణువు లోపలికి తొంగిచూసే భారీ యంత్రాలు కట్టే స్తోమత ఏ దేశానికీ ఒంటరిగా లేదు. అందుకే 12 దేశాలు కలిసి 1954లో జెనీవా దగ్గర సెర్న్ అనే ఉమ్మడి పరిశోధన కేంద్రాన్ని పెట్టుకున్నాయి. 1962లో ఖగోళ పరిశోధనకు, 1974లో జీవశాస్త్రానికి ఇలాంటి సంస్థలే వచ్చాయి. ప్రతిదానికీ విడిగా అంతర్జాతీయ ఒప్పందం కావాలి, దాన్ని ప్రతి దేశమూ ఆమోదించాలి.

ఏది కట్టాలి, ఎక్కడ కట్టాలి అని అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వేదిక 2002లో గానీ రాలేదు. దాని పేరు ఎస్ఫ్రీ. 2006లో అది 35 ప్రాజెక్టులతో తొలి రోడ్‌మ్యాప్, అంటే కట్టాల్సినవాటి జాబితా, విడుదల చేసింది. అందులో న్యూట్రాన్ కేంద్రాలు, టెలిస్కోపులే కాదు, 50 ఏళ్లు దాటినవారి ఆరోగ్యం, ఆదాయాలపై జరిగే 'షేర్' సర్వే కూడా ఉంది. పరిశోధన సదుపాయమంటే యంత్రం ఒక్కటే కాదని ఒప్పుకోవడం ఆ జాబితాలో నాకు నచ్చిన విషయం.

చిక్కల్లా డబ్బు దగ్గరే. ఎస్ఫ్రీ చేతిలో ఖజానా లేదు. జాబితాలో పేరు చేరినా నిధులు ఇవ్వాల్సింది సభ్యదేశాలే. జాబితా మాత్రం 2008లో 44కు, 2010లో 48కి పెరిగింది. ఒక్కోదానికి విడిగా ఒప్పందం చేసుకునే జాప్యం తగ్గించడానికి 2009లో యూరోపియన్ యూనియన్ 'ఎరిక్' అనే చట్టరూపం తెచ్చింది. దాని కింద ఏర్పడే సంస్థకు వ్యాట్ మినహాయింపు కూడా దొరుకుతుంది. 2011లో తొలి ఎరిక్ అయింది కణాలను అతివేగంగా పరుగెత్తించే ఏ యాక్సిలరేటర్ యంత్రమో కాదు, ఆ షేర్ సర్వేయే.

అప్పటికే ఉన్నవాటి సంగతేంటి? వాటిని ఒకచోట నమోదు చేసే 'మెరిల్' పనిని 2010లో యూరోపియన్ సైన్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో మొదలుపెట్టారు. ఒక్క దేశానికే పరిమితం కాని ప్రాముఖ్యం, బయటి పరిశోధకులకు ప్రవేశం వంటి షరతులు పెట్టారు. చేతిలో ఉన్నదేంటో తెలియకుండా కొత్తవి కోరుకోవడం తలకిందుల వ్యవహారమే. కాకపోతే మంత్రులకు శంకుస్థాపన మీదున్న మోజు రిజిస్టర్ మీద ఉండదు కదా.

జాబితా పొడవు చూసి సభ్యదేశాలకూ టెన్షన్ పట్టుకుంది. ఏవి నిజంగా ముందుకెళ్తున్నాయో తేల్చాలని 2012లో యూరోపియన్ యూనియన్ మంత్రుల మండలి కోరింది. నిపుణుల బృందం ఒక్కో ప్రాజెక్టు నిధులు, నిర్వహణ, పురోగతి పరిశీలించింది. 2016 రోడ్‌మ్యాప్‌లో పదేళ్ల గడువు పెట్టారు. ఆలోపు నిలదొక్కుకోని ప్రాజెక్టు జాబితా నుంచి తప్పుకోవాలి. అమలు దశకు చేరినవి 'ల్యాండ్‌మార్క్'లు. ఆ ఏడాది అవి 29, ఇంకా ఆ దశకు రాని ప్రాజెక్టులు 21. 2021కి ల్యాండ్‌మార్క్‌లు 41 అయ్యాయి.

ఉదాహరణకు, జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కడుతున్న 'ఫెయిర్' యాక్సిలరేటర్ 2006 జాబితాలోదే. 2010లో ఒప్పందంపై సంతకం చేసిన తొమ్మిది దేశాల్లో భారత్ ఉంది. దానికి కావలసిన రూపంలో విద్యుత్ అందించే పవర్ కన్వర్టర్లు మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. ఫెయిర్‌కు ల్యాండ్‌మార్క్ హోదా వచ్చినా ఖర్చు అంచనాలు పెరుగుతూనే పోయాయి. ఉక్రెయిన్ యుద్ధంతో 2022లో రష్యా సహకారం ఆగిపోయింది. అసలే పెద్ద వాటా మోస్తున్న జర్మనీ మీద భారం ఇంకా పెరిగింది.