వంశంలో జబ్బుందంటే: పిలకాయలకు ఒక ఉత్తరం

కావలి

మా వీధి పిలకాయలకు తాత ఆశీస్సులు.

మొన్న మిద్దె మీద కూర్చుని ఉంటే మీలో ఒకరు నన్నో మాట అడిగారు. పేరు రాయను, ఎవరో మీకు తెలుసు. "మా అవ్వకు మతిమరుపు వచ్చింది గదా తాతా, రేపు మా నాయనకీ, తర్వాత నాకూ వస్తుందా?" అని. పక్కనున్న వాళ్ళు నవ్వారు. నవ్వే మాట కాదది. బడిలో బయాలజీ చెప్పినన్నేళ్ళూ మెండెల్ బఠాణీలు చెప్పాను గానీ, ఇంత సూటి ప్రశ్న ఏ క్లాసులోనూ ఎవరూ వేయలేదు. నోటిమాటతో తేలేది కాదు గనక రాసిస్తానన్నాను. ఇదే ప్రశ్నను వెంటబెట్టుకుని జీవితమంతా నడిచిన ఒక శాస్త్రవేత్త ఉంది, పేరు నాన్సీ వెక్స్‌లర్. ముందు ఆమె సంగతి చెబుతా.

1968లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో నాన్సీ తల్లి లియోనోర్ వెక్స్‌లర్ పొద్దున్నే రోడ్డు దాటుతోంది. నడక తూలుతోంది. అది చూసిన పోలీసు ఒకాయన, ఇంత పొద్దున్నే తాగడానికి సిగ్గులేదా అని కసురుకున్నాడు. ఆమె తాగలేదు. ఆమె తండ్రికి హంటింగ్టన్ అనే మెదడు జబ్బు ఉండేది. ముగ్గురు అన్నలకూ అదే వచ్చింది. అది మగవాళ్ళకే వస్తుందని ఆ ఇంట్లో నమ్ముతూ వచ్చారు. చూడండి విచిత్రం, లియోనోర్ స్వయంగా జీవశాస్త్రం చదివి, పండ్ల మీద వాలే ఈగలతో జన్యుశాస్త్రం నేర్చుకున్న మనిషి! ఇంట్లో మాట ముందు చదువు నిలవలేకపోయింది. మనిళ్ళల్లోనూ అంతే గదా.

ఆ జబ్బుకు ఆ పేరు పెట్టింది జార్జ్ హంటింగ్టన్ అనే డాక్టరు మీద. 1872లో, 22 ఏళ్ళ వయసులో, దాని గురించి రాశాడు. ఆయన నాన్నా, తాతా కూడా అదే ఊళ్ళల్లో డాక్టర్లు. ముగ్గురూ అవే కుటుంబాలకు వైద్యం చేశారు కాబట్టే జబ్బు తరం నుంచి తరానికి దిగుతున్న తీరు ఆయన కంటపడింది. సాధారణంగా ముప్పై, నలభై ఏళ్ళు దాటాక మొదలవుతుంది. చేతులూ కాళ్ళూ తమంతట తాము ఆడుతుంటాయి. మాట ముద్దవుతుంది, జ్ఞాపకం సడలుతుంది. చాలామందిలో వీటికంటే ముందే మనసు మారిపోతుంది: ఊరికే కోపం, దిగులు, అనుమానం. అప్పటికి ఎవరూ దాన్ని జబ్బనుకోరు. "ఈ మనిషికి ఈ మధ్య పొగరెక్కింది" అంటారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం. పెద్దవాడికి వచ్చింది గదా, చిన్నవాడు తప్పించుకుంటాడులే అనుకోకూడదు. పుట్టే ప్రతి బిడ్డకూ లెక్క మళ్ళీ మొదటినుంచే.

లియోనోర్‌కు ఇద్దరు కూతుళ్ళు, ఆలిస్, నాన్సీ. తండ్రి మిల్టన్ మనసుకు వైద్యం చేసేవాడు. ఆయన ఇద్దర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు: అమ్మకు ఈ జబ్బుంది, మీకు రావచ్చు, రాకపోవచ్చు, చెరిసగం. నాన్సీకి అప్పుడు ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళు. పిల్లల్ని కనకూడదని అక్కాచెల్లెళ్ళు ఆ రోజే అనుకున్నారట. మిల్టన్ ఏడుస్తూ కూర్చోలేదు, ఈ జబ్బు మీద పరిశోధనకు ఒక సంస్థ పెట్టాడు. కుర్ర శాస్త్రవేత్తల్ని, ఈ జబ్బు పేరు కూడా విననివాళ్ళను సైతం, ఒక గదిలోకి పిలిచేవాడు. స్లైడ్లు తేవద్దు, ఉపన్యాసాలివ్వద్దు, మాట్లాడుకోండి చాలు అనేవాడు. నాకు ఆ ముసలాయన పద్ధతి భలే నచ్చుతుంది.

నాన్సీ చదివింది జన్యుశాస్త్రం కాదు, మనస్తత్వ శాస్త్రం. 1974లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకుంది. 1978లో తల్లి పోయింది. మరుసటి ఏడే నాన్సీ వెనెజులా దేశానికి బయల్దేరింది. అక్కడ మరకైబో అని పెద్ద సరస్సు. మన సూళ్ళూరుపేట పక్కనుండే పులికాట్ మాదిరే సముద్రంతో కలుస్తుంది. (ఇప్పుడు సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలో పడింది లెండి, నాకింకా నెల్లూరే.) ఒడ్డునున్న జాలరిపల్లెల్లో, నీళ్ళ మీద గుంజలు పాతి కట్టుకున్న ఇళ్ళల్లో, ఈ జబ్బు ప్రపంచంలో ఇంకెక్కడా లేనంతగా ఉంది. దాన్ని ముందుగా గుర్తించింది అక్కడి డాక్టరే, అమెరికో నెగ్రెట్, 1950లలో. అమెరికా వాళ్ళ కథల్లో ఆయన పేరు ఒక్కోసారి జారిపోతుంటుంది. మీరు మర్చిపోవద్దు.

నాన్సీ మొదట వెతికింది తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా జబ్బు జన్యువు అందుకున్న మనిషిని. ఇక్కడ మీరు మేనరికం అడుగుతారని తెలుసు. ఈ జబ్బుకు మేనరికంతో పనిలేదు, ఒక వైపు నుంచి వస్తే చాలు. రెండు వైపులా వచ్చినవాళ్ళు దొరికాక చూస్తే, ఒక వైపు వచ్చినవాళ్ళకూ వీళ్ళకూ పెద్ద తేడా కనబడలేదు. మేనరికం ముప్పు తెచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. రెండు వైపుల నుంచీ చెడు జన్యువు కలిస్తేనే బయటపడే రకం అవి. వాటి గురించి ఇంకో ఉత్తరం రాయాలి.

ఏడాదికోసారి బృందాన్ని తీసుకుని వెళ్ళేది. ఎవరికెవరు ఏమవుతారో ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకుంది. గోడంత కాగితాల మీద పది తరాల వంశవృక్షం తయారైంది, అందులో 18,000 మందికి పైగా మనుషులు. నెత్తురు ఇవ్వడానికి జనం మొదట జంకారు. ఎక్కడినుంచో వచ్చిన తెల్లావిడకు మా నెత్తురెందుకన్నారు. అప్పుడు నాన్సీ తన చేతి మీద మచ్చ చూపించింది. తనూ పరీక్ష కోసం చర్మం ముక్క ఇచ్చినప్పటి గాటు అది. మా అమ్మదీ ఇదే జబ్బు, నేనూ మీలాంటిదాన్నే అని చెప్పింది. ఒక నర్సు ఆ చెయ్యి పట్టుకుని గుంపంతా తిప్పి చూపించిందట. అప్పటి నుంచి నెత్తురు సీసాలు బోస్టన్‌కు విమానమెక్కడం మొదలైంది.

బోస్టన్‌లో జిమ్ గుసెల్లా అనే కుర్రాడు ఆ నెత్తుర్లో డీఎన్‌ఏ తీసి చూశాడు. జన్యువు ఎక్కడుందో తెలియనప్పుడు ఎట్టా వెతకాలి? ఇట్టా అనుకోండి. కావలిలో ఒకరి ఇల్లు కనుక్కోవాలి, అడ్రసు లేదు. కానీ ఆ ఇంటివాళ్ళు ఎప్పుడు బస్సెక్కినా ఒకే స్టాపులో దిగుతున్నారు. అంటే ఇల్లు ఆ చుట్టుపక్కలే. అట్టాగే జబ్బున్నవాళ్ళందరిలో కలిసి నడిచే డీఎన్‌ఏ గుర్తు ఒకటి దొరికితే జన్యువు దానికి దగ్గర్లోనే ఉన్నట్టు. ఎన్నో ఏళ్ళు పడుతుందనుకున్న ఆ గుర్తు మొదటి డజను ప్రయత్నాల్లోనే దొరికింది, నాలుగో క్రోమోజోము అనే డీఎన్‌ఏ చుట్ట మీద. 1983లో లోకానికి చెప్పారు. స్టాపు తెలిసింది గదా, ఇల్లెంతసేపు అనుకున్నారు. పదేళ్ళు పట్టింది! 1993 మార్చిలో, ఆరు బృందాలు, 58 మంది శాస్త్రవేత్తలు కలిసి జన్యువును పట్టుకున్నారు. అందులో సీ, ఏ, జీ అనే మూడు డీఎన్‌ఏ అక్షరాలు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. మామూలు మనుషుల్లో 35 సార్లకు మించవు. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే జబ్బు ఖాయం. మధ్యలో 36 నుంచి 39 దాకా రావచ్చు, రాకపోవచ్చు.

జన్యువు తెలిశాక పరీక్ష సులువు. తీర్పు మాత్రం బరువు. మందులేని జబ్బు నీకొస్తుందని పాతికేళ్ళప్పుడు చెబితే ఏం చేయాలి? అందుకే ముందూ వెనకా కౌన్సెలింగ్ ఉండాలనీ, ఎవరినీ బలవంతపెట్టకూడదనీ నాన్సీ పోరాడింది. తన పరీక్ష సంగతి మాత్రం బయటపెట్టలేదు. ఎవరేమనుకున్నా, తెలుసుకోనక్కర్లేదనే హక్కు కూడా ఉందని ఆమె నడిచి చూపించిందని నాకనిపిస్తుంది. 2020లో, 74 ఏళ్ళప్పుడు, తనకూ ఆ జబ్బుందని చెప్పింది. అప్పటికి నడకలో, మాటలో దాని ఆనవాళ్ళు చాలామంది చూసే ఉన్నారు. పోలీసు కసిరిన ఆ తల్లి కూతురు, సిగ్గుపడాల్సిందేమీ లేదని పత్రిక ముందు కూర్చుని చెప్పడం చిన్న సంగతి కాదు.

మందుల మాట. ఒళ్ళు ఆడటం తగ్గించే టెట్రాబెనజీన్‌కు అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. అది జబ్బును ఆపదు. మెదడులోకి నేరుగా పంపే జన్యు చికిత్స ఒకటి మూడేళ్ళలో జబ్బు వేగాన్ని 75 శాతం తగ్గించిందని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఆ లెక్క 12 మంది మీద తేలింది. పన్నెండు మందే గనక నేను గంతులేయను, అట్టాగని తీసిపారేయను.

ఇప్పుడు అవ్వ సంగతి. హంటింగ్టన్‌లా ఒకే జన్యువుతో తేలిపోయే జబ్బులు తక్కువ. అవ్వకొచ్చింది డాక్టరు చెప్పినట్టు అల్జీమర్స్ అనుకుందాం. ఒకే జన్యువు మూలంగా తరం తర్వాత తరం వచ్చే అల్జీమర్స్ ఉంది, కానీ చాలా అరుదు, పైగా సాధారణంగా అరవై లోపే బయటపడుతుంది. అవ్వకు డెబ్భై ఎనిమిదో ఏట వచ్చింది. ఆ వయసులో వచ్చేదానికి జన్యువుల వాటా ఉన్నా అదే తీర్పు కాదు. ఏపీఓఈ-4 అని ఒక రకం జన్యువు ఉంది. దాని సంగతి బయటపడిందీ 1993లోనే. అది ఉంటే అవకాశం పెరుగుతుంది. ఉన్నవాళ్ళల్లో రానివాళ్ళున్నారు, లేనివాళ్ళల్లో వచ్చినవాళ్ళున్నారు. కాబట్టి మీ నాయనకు ఖాయమనీ కాదు, నీకు ఖాయమనీ కాదు.

మనసు జబ్బులు ఇంకా చిక్కు. లేనివి వినబడే, కనబడే స్కిజోఫ్రీనియా అనే జబ్బు మీద 2022లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 76,000 మందికి పైగా రోగుల డీఎన్‌ఏ చూశారు. జబ్బుతో సంబంధమున్నట్టు డీఎన్‌ఏలో దొరికిన చోట్లు 287. ఒక్కోటీ కలిపే ముప్పు పిసరంత. తల్లికో తండ్రికో ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం వందలో పది మాత్రమే. ఈ లెక్క తెలియకే మన వైపు ఆ ఇంటి పిల్లనిస్తే తీసుకోరు, గాలి సోకిందంటారు. కసుమూరు దర్గాకో ఏ.ఎస్.పేటకో తీసుకెళ్తారు. మొక్కుకోండి, నేనొద్దనను. మా ఇంట్లోనూ మొక్కుతారు. మందు మాత్రం ఆపొద్దు. డాక్టరు దాకా పోలేనివాళ్ళకు టెలి మానస్ అని మనసు జబ్బులకు సర్కారు ఫోను సాయం ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

చివరికి, నన్నడిగిన పిల్లకు. నెత్తురు పరీక్ష చేయించుకోవాలా అని కూడా అడిగావు. నీకు పదమూడు. పెద్దయ్యాక వచ్చే, ఇప్పుడు ఆపడానికి మందులేని జబ్బులకు, పద్దెనిమిది నిండనివాళ్ళకు ముందస్తు పరీక్ష చేయకూడదన్నది డాక్టర్ల నియమం. నీ తరఫున మీ నాయన కూడా అడగలేడు. నువ్వే పెద్దయ్యాక తేల్చుకోవాల్సిన సంగతది. అంతవరకూ చేయగలిగింది కావాలంటే వచ్చే ఆదివారం పెద్ద చార్టు తీసుకునిరా. మీ అవ్వ తోబుట్టువులు ఎంతమంది, ఎవరికి ఏ వయసులో ఏమొచ్చిందో మీ పెద్దమ్మను అడిగి రాసుకునిరా. ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు చదరం, జబ్బున్నవాళ్ళకు లోపల నలుపు. మిగతాది నేను గీయిస్తా.

ఉంటాను,
తాత