డీజిల్ పికప్ మైలేజీ: బిగించే పార్టుల మీద అపోహలు - వాస్తవాలు

డీజిల్ పికప్‌ల మీద పని చేసేవాణ్ని కాబట్టి రోజూ ఒకే ప్రశ్న వింటుంటాను: "అన్నా, ఇది బిగిస్తే మైలేజీ ఎంత పెరుగుతుంది?" చేతిలో చిప్పో, ఫిల్టరో, సైలెన్సరో ఉంటుంది. మన మాటల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. పికప్ అంటే బండి, పికప్ అంటే లాగుడు కూడా. కొత్త పార్టు పడ్డాక బండి హుషారుగా లాగితే మైలేజీ కూడా పెరిగిందనే అనిపిస్తుంది. కానీ ఆ రెండు లెక్కలూ వేరు. నా దగ్గరికొచ్చే వాదనల్లో సగం పైగా ఆ పార్టు గురించి మాట్లాడకముందే, మైలేజీని ఎలా కొలిచారో అడగ్గానే తేలిపోతాయి. తూకం రాయే తప్పైతే సరుకు గురించి ఎంత వాదించినా దండగ.

అపోహ: ట్యూనింగ్ బాక్స్ పెట్టాక మైలేజీ పెరిగింది, మీటర్‌లో కళ్లారా చూశాను

చూసింది నిజమే. ఆ అంకె మాత్రం అబద్ధం.

మీటర్ మీద కనిపించే మైలేజీ కోసం ట్యాంకులో డీజిల్‌ని ఎవరూ కొలవరు. ఇంజెక్టర్లను (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) ఎంతసేపు తెరిచాను, అప్పుడు రైల్‌లో, అంటే వాటికి డీజిల్ అందించే గొట్టంలో, ప్రెషర్ ఎంతుంది అని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లెక్క వేసుకుని, "ఇంత డీజిల్ పోయి ఉంటుంది" అని ఒక అంచనాకి వస్తుంది. మీటర్‌లో వచ్చేది ఆ అంచనాయే. లాగుడు పెంచడానికి తగిలించే చవక రకం ట్యూనింగ్ బాక్స్ సరిగ్గా అక్కడే వేలు పెడుతుంది. రైల్ ప్రెషర్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య కూర్చుని, ఉన్న ప్రెషర్‌ని తక్కువ చేసి చెబుతుంది. ఉదాహరణకి రైల్‌లో 1,600 బార్ ఉంటే 1,450 అని చెప్పిందనుకోండి. ఈసీయూ 1,450 అనే నమ్మి ఇంజెక్టర్ తెరుస్తుంది. అసలు ప్రెషర్ ఎక్కువ కాబట్టి అదే సమయంలో దాదాపు 5 శాతం ఎక్కువ డీజిల్ లోపలికి పోతుంది. బండి లాగుతుంది. ఆ 5 శాతం మాత్రం ఈసీయూ ఖాతాలో పడదు. ఇంజిన్ తాగింది ఎక్కువ, రాసుకున్నది తక్కువ. దాంతో మీటర్ మీద మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది.

ఒకతను ఇలాగే ఫోన్‌లో మీటర్ ఫొటోలు తెచ్చి చూపించాడు. బాక్స్ పెట్టకముందు లీటరుకి 11.0, పెట్టాక 11.6. "దీనికేమంటావన్నా?" అన్నాడు. ఏమీ అనలేదు. మూడు ట్యాంకులు బాక్స్‌తో, మూడు ట్యాంకులు బాక్స్ పీకేసి నడపమన్నాను. ప్రతిసారీ నిండుగా కొట్టించి, లీటర్లు, కిలోమీటర్లు ఒక చీటీ మీద రాయమన్నాను. నెల తర్వాత నూనె మరకలతో ఆ చీటీ వచ్చింది. బాక్స్‌తో 10.8. బాక్స్ లేకుండా 10.8.

పూర్తి రీమ్యాప్ సంగతి వేరు. అందులో ఈసీయూని మోసం చేయరు, దానిలోని లెక్కనే మారుస్తారు. ఇంజెక్షన్ టైమింగ్ (డీజిల్ చిమ్మే క్షణం) కాస్త ముందుకి జరిపితే మైలేజీ నిజంగానే కొద్దిగా పెరగొచ్చు. అయితే ఆ కొద్దిపాటి లాభం కంపెనీ ఇంజినీర్లకి తెలియక వదిలేసింది కాదు. టైమింగ్ ముందుకి జరిగితే సిలిండర్‌లో వేడి పెరుగుతుంది, దానితోపాటు నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. పొగ నిబంధనల్లో నిలబడటానికి కంపెనీ ఆ మైలేజీని కావాలనే వదులుకుంది. ఇది ఎంత గట్టి బేరమో 2015లో వోక్స్‌వ్యాగన్ వ్యవహారం బయటపడ్డప్పుడు లోకానికంతా తెలిసింది. పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్‌ని డీజిల్ కార్లలో పెట్టి ఆ కంపెనీ దొరికిపోయింది.

రీమ్యాప్ చేయించిన చాలామందికి మైలేజీ తగ్గుతుంది కూడా. మ్యాప్‌ని అనాల్సిన పని లేదు, యాక్సిలరేటర్ మీదున్న కాలే దానికి కారణం. లాగుడు చేతికొచ్చాక నెమ్మదిగా నడిపేవాళ్లు ఎంతమంది?

అపోహ: పెద్ద టైర్లు వేస్తే మైలేజీ ఘోరంగా పడిపోతుంది

దీనికి పూర్తి వ్యతిరేకమైన అపోహ కూడా ఉంది: "పెద్ద టైరు ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, మైలేజీ పెరగాలి కదా!" రెండు పక్షాలూ మర్చిపోయేది ఒక్కటే. టైరు మారినా ఓడోమీటర్‌కి ఆ సంగతి తెలియదు.

265/70 ఆర్17 టైరు ఎత్తు దాదాపు 803 మిల్లీమీటర్లు. 285/75 ఆర్17 వేస్తే అది 859 అవుతుంది, అంటే 7 శాతం ఎక్కువ. మీటర్ చుట్లు లెక్కపెట్టి పాత టైరు కొలతతో గుణిస్తుంది. మీటర్ 600 కిలోమీటర్లు అంటే మీరు నిజంగా తిరిగింది 642. ఇంతకుముందు 11 ఇచ్చిన బండి ఇప్పుడు 9.6 ఇస్తోందని ఎవరైనా గగ్గోలు పెడితే, ముందు ఆ 9.6ని 1.07తో గుణిస్తాను. 10.3 వస్తుంది. తగ్గిన మాట నిజమే, కానీ పోయిందనుకున్నదాంట్లో సగం మీటర్ మింగింది. స్పీడోమీటర్ కూడా ఇలాగే తక్కువ చూపిస్తుంది కాబట్టి వేగం విషయంలో జాగ్రత్త.

మిగతా సగం ఎక్కడికి పోయింది? బరువైన చక్రాన్ని ఆగిన ప్రతిసారీ మళ్లీ తిప్పాలి. మొరటు గళ్లున్న మడ్ టైరు రోడ్డు మీద ఎక్కువ రాపిడి పెడుతుంది. ఆ టైర్లు పట్టాలని బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ వేస్తే బండి కిందికి గాలి ఎక్కువగా దూరుతుంది. గాలి దెబ్బని తక్కువ అంచనా వేయొద్దు. అది వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే గాలి ఆపే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైన రూఫ్ ర్యాక్, దాని ముందు లైట్ బార్, కింద లావుపాటి స్టీల్ బంపర్, దాని మీద వించ్ పెట్టిన బండి హైవే మీద ఎందుకు తాగుతుందని నన్ను అడిగితే, బండి ముందు నిలబడి ఒకసారి చూడమంటాను. రూఫ్ బాక్స్ ఒక్కటే హైవే వేగంలో 10 నుంచి 25 శాతం వరకు మైలేజీని తినగలదని అమెరికా ప్రభుత్వ ఇంధన లెక్కలే చెబుతున్నాయి. అవసరం లేని రోజుల్లో ర్యాక్ ఊడదీస్తే పైసా ఖర్చు లేదు. కానీ ఆ మాట వినేవాళ్లు తక్కువ, ర్యాక్ ఉంటే బండికి అందం అంటారు.

అపోహ: వెనక డోర్ దించి నడిపితే గాలి సాఫీగా పోతుంది, మైలేజీ వస్తుంది

రాదు. డోర్ మూసి ఉన్నప్పుడు ట్రేలో గాలి ఒక సుడిలా తిరుగుతూ అక్కడే ఉండిపోతుంది. క్యాబిన్ మీంచి వచ్చే గాలి ఆ సుడి మీంచి జారి వెనక్కి పోతుంది. డోర్ దించితే ఆ సుడి చెదిరి, గాలి బండిని ఆపే బలం ఇంకా పెరుగుతుంది. గట్టి ట్రే కవర్ వేస్తే కాస్త మేలే. ఆ కాస్త కూడా హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకే.

అపోహ: ఓపెన్ ఎయిర్ ఫిల్టర్, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేస్తే ఇంజిన్ ఊపిరి తీసుకుంటుంది

డీజిల్ ఇంజిన్‌కి ఊపిరి కొరత సాధారణంగా ఉండదు. పెట్రోల్ ఇంజిన్‌లో గాలిని బిగించి శక్తిని అదుపు చేస్తారు. డీజిల్‌లో గాలి ఎప్పుడూ పుష్కలంగానే వస్తుంది, అదుపు చేసేది డీజిల్‌ని. ఒక వంతు డీజిల్ కాలడానికి దాదాపు 14.5 వంతుల గాలి చాలు. మామూలు వేగంలో నిలకడగా పోయేటప్పుడు అంతకంటే చాలా ఎక్కువే లోపల ఉంటుంది. నిండిన కంచంలో ఇంకా వడ్డిస్తే ఆకలి తీరేదేముంది?

పైగా బానెట్ కింద తెరిచి ఉంచిన ఫిల్టర్ ఇంజిన్ వేడి గాలినే పీలుస్తుంది. కంపెనీ ఇచ్చిన డబ్బా, ఆ డొంకతిరుగుడు పైపు బయటి చల్లగాలి కోసమే ఉన్నాయి. ఫిల్టర్ బాగా మూసుకుపోతే మార్చాల్సిందే, అందులో వాదన లేదు. అయితే అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ 2009లో ఇంజెక్షన్ పెట్రోల్ కార్ల మీద చేసిన పరీక్షల్లో, మురికి ఫిల్టర్ వల్ల లాగుడు తగ్గింది కానీ మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక సైలెన్సర్ మారిస్తే ముందు మారేది శబ్దం. శబ్దం పెరిగితే శక్తి పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది.

గాలి దారిలో నేను నిజంగా వెతికేది వేరే. ఒక బండి నల్లపొగ వదులుతూ, లాగక, మైలేజీ పడిపోయి వచ్చింది. ఓనర్ పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లార్చేది) కిట్ బేరం కూడా చేసుకున్నాడు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బర్ గొట్టాన్ని చేత్తో తడిమితే క్లాంప్ అంచున జిడ్డు అంటుకుంది. క్లాంప్ వదులు చేసి చూస్తే కింది వైపు వేలు పట్టేంత చీలిక. టర్బో నొక్కిన గాలంతా అక్కడ ఉఫ్‌మని పోతోంది. గొట్టం మార్చాం. కిట్ బేరం ఆగిపోయింది.

అపోహ: డీపీఎఫ్ పీకేస్తే మైలేజీ పెరుగుతుంది

ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. ఇందులో కొంత నిజం ఉంది. డీపీఎఫ్ అంటే పొగ పోయే దారిలో ఉండే ఫిల్టర్, అది మసిని పట్టి ఉంచుతుంది. నిండాక దాన్ని కాల్చేయడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్మి, ఫిల్టర్‌ని దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిస్తుంది. ఆ డీజిల్ బండిని ఒక్క అడుగు కూడా కదపదు. పీకేస్తే ఆ ఖర్చు మిగులుతుంది.

అయినా నేను ఆ పని చేయను. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. దాని లెక్క ఎంత పెద్దదో చూడండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకు ముందు పదేళ్లలో అక్కడ 5,50,000కి పైగా డీజిల్ పికప్‌ల నుంచి పొగ నియంత్రణ పరికరాలు పీకేశారు. దానివల్ల గాలిలోకి అదనంగా పోయే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులకు పైగా ఉంటాయని అంచనా.

డీపీఎఫ్ మాటిమాటికీ కాల్చుకుంటుంటే తప్పు సాధారణంగా దానిది కాదు. కారే ఇంజెక్టర్, చీలిన గొట్టం, తప్పుడు రీడింగ్ ఇచ్చే ప్రెషర్ సెన్సర్, లేదా రోజూ రెండేసి కిలోమీటర్ల ప్రయాణాలు. ఇంజిన్ ఆయిల్ మట్టం పెరుగుతుంటే ఇంకా జాగ్రత్త. కాల్చడానికి చిమ్మిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం.

అయస్కాంతాలు, నీళ్ల గ్యాస్ కిట్లు, ట్యాంకులో వేసే మాత్రలు

వీటికి ఎక్కువ చోటు ఇవ్వను. ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజిన్‌లో లోపలికి పోయిన డీజిల్ 98 శాతం పైగా ఎలాగూ కాలిపోతుంది. "పూర్తిగా కాల్చి 20 శాతం మిగిలిస్తాం" అనేవాళ్లు ఆ 20 శాతం ఎక్కడి నుంచి తెస్తారో అడగండి. నీళ్ల గ్యాస్ కిట్ అయితే ఇంజిన్ తిప్పిన ఆల్టర్నేటర్ కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ గ్యాస్‌ని అదే ఇంజిన్‌కి పోస్తుంది. తాను కూర్చున్న గంపని తానే ఎత్తుకోవడం లాంటిది. ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుందే తప్ప కలవదు.

మరి కొలిచేదెలా?

ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి టక్కున ఆగగానే ఆపించండి. దూరానికి జీపీఎస్ లెక్క తీసుకోండి, ముఖ్యంగా టైర్లు మారి ఉంటే. ఒక్క ట్యాంకుతో తీర్పు ఇవ్వొద్దు. లోడు, ఎదురుగాలి, ఏసీ, ట్రాఫిక్ కలిసి ఒక ట్యాంకుని అటూ ఇటూ తేలిగ్గా ఊపేస్తాయి. కనీసం మూడు నాలుగు ట్యాంకులు కావాలి. ఒకసారికి ఒక్క పార్టే మార్చండి. టైర్లు, ఫిల్టర్, చిప్ ఒకే రోజు బిగించి దేనివల్ల ఏమైందని అడిగితే నేనేం చెప్పను?

దానికంటే ముందు టైర్లలో గాలి చూడండి. నాలుగు చక్రాల్లో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ దాదాపు 0.2 శాతం పోతుంది. 10 పీఎస్ఐ తక్కువతో తిరిగే బండ్లు నా దగ్గరికి వారం వారం వస్తాయి. తర్వాత బండి ఆపగానే చక్రాల మధ్యభాగాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేసి ఉంటుంది.

చీటీ రాసిన ఆ కుర్రాడు బాక్స్ తీసేస్తాడనుకున్నాను. రైల్, పంపు మీద కంపెనీ లెక్కకి మించిన ఒత్తిడి పడుతుందని కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, "మైలేజీ రాకపోతే పోనీలే అన్నా, పికప్ బాగుంది" అని మళ్లీ తగిలించుకుని వెళ్లాడు. మీటర్ ఫొటోలు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ పంపలేదు.