ఐటీ కంపెనీలకు సర్కారు పైసలు పెట్టొచ్చా? లొల్లి ఎక్కడ మొదలైంది

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్ 2023 మేలో ఓపెన్ చేసిర్రు, అదే ఏడాది అక్టోబర్‌ల నల్లగొండలో ఇంకోటి. రెండూ సర్కారు కట్టినవే, అందుల కూసునేది ప్రైవేటు కంపెనీలు. మన పన్ను పైసలు ఇట్ల పెట్టుడు చట్టం ఒప్పుకుంటదా అంటే, ఒప్పుకుంటది. రాజ్యాంగం 282వ అధికరణ ప్రకారం ప్రజా ప్రయోజనం ఉంటే కేంద్రమైనా రాష్ట్రమైనా గ్రాంటు ఇయ్యొచ్చు. 2013ల తమిళనాడు సర్కారు ఉచితంగా పంచిన టీవీలు, మిక్సీల కేసులో కూడా సుప్రీంకోర్టు పథకాల సంగతిల వేలు పెట్టలే.

అయితే మనదగ్గర కంపెనీ చేతిల నగదు పెట్టుడు తక్కువ, భూమి ఇచ్చుడు, పన్ను మాఫీ చేసుడే ఎక్కువ. 1991ల ఎస్‌టీపీఐ, అంటే కేంద్రం పెట్టిన సాఫ్ట్‌వేర్ పార్కుల సంస్థ, వచ్చింది, ఆ పార్కుల కంపెనీలకు ఎగుమతి లాభాల మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు 2011 మార్చి దాకా నడిచింది. ఈలోపల 2005ల సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలాల) చట్టం తెచ్చిర్రు. దాని అసలు ధర మా జిల్లాకు తెలుసు, జడ్చర్ల దగ్గర పోలేపల్లిల భూములు పోయిన రైతులు 2008 ఉప ఎన్నికల్ల సొంతంగా నామినేషన్లే ఏసిర్రు. అది ఐటీ కాదు ఫార్మా, కానీ చట్టం ఒక్కటే కదా.

ఆ సెజ్ మినహాయింపులు, ఇంకొన్ని ఎగుమతి పథకాల మీద 2018ల అమెరికా డబ్ల్యూటీవోకు (ప్రపంచ వాణిజ్య సంస్థకు) పోయింది. తలసరి ఆదాయం వరుసగా మూడేళ్లు 1000 డాలర్లు దాటిన దేశానికి ఎగుమతి సబ్సిడీల మీద ఉన్న వెసులుబాటు పోతది, మనకు అట్లనే పోయింది. 2019 అక్టోబర్‌ల ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెప్పింది, మనం అప్పీల్‌కు పోయినం, డిసెంబర్‌కల్లా అప్పీల్ బెంచిల సరిపడా జడ్జీలే లేకపాయె, కేసు అట్లనే పడి ఉండె, 2023ల రెండు దేశాలు రాజీ చేసుకుని ముగించినయి. ఇంకో ముచ్చట, సబ్సిడీల మీద ఉన్న ఆ డబ్ల్యూటీవో ఒప్పందం సరుకులకే, సాఫ్ట్‌వేర్ సర్వీసులకు వర్తించదు, అందుకే ఐటీ వాళ్లకు దెబ్బ తగల్లే.

ఆ అమెరికానే 2025 ఆగస్టుల చిప్స్ చట్టం (దేశంలనే చిప్‌లు తయారు చేసేటోళ్లకు సాయం ఇచ్చే చట్టం) గ్రాంటు సొమ్మును చిప్‌ల కంపెనీ ఇంటెల్‌ల దాదాపు 10 శాతం వాటాగా మార్చుకున్నది. గ్రాంటు ఇయ్యమన్న చట్టం కింద షేర్లు ఎట్ల తీసుకుంటరని అక్కడి లాయర్లు కొట్లాడుకుంటుర్రు.

మనదగ్గర చిక్కు వేరే. 2012ల 2జీ కేసుల సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది, ఎందుకంటే ఇచ్చిన పద్ధతి ఇష్టారాజ్యం అని. అదే ఏడాది అన్నిటికీ వేలమే ఉండాలని లేదని కూడా కోర్టు చెప్పింది. అంటే ఇయ్యొచ్చు, కానీ అందరికీ ఒకే రూలు ఉండాలె, చట్టం ముందు అందరూ సమానం అనే 14వ అధికరణ అదే కదా. తెలంగాణ 2014 పారిశ్రామిక పాలసీల పెద్ద ప్రాజెక్టులకు టైలర్ మేడ్ రాయితీలు ఉన్నయి, ఒక్కో కంపెనీకి కొలిచి కుట్టినట్టు విడిగా ఇచ్చుడు అన్నమాట. నా లెక్కల కోర్టుల గట్టిగ నిలబడే ప్రశ్న ఈడనే ఉన్నది, ఒక కంపెనీకి ఇంత ఎందుకు, పక్క కంపెనీకి ఎందుకు లేదు అని ఎవరన్న హైకోర్టుల రిట్ (సర్కారు పని మీద ఏసే పిటిషన్) ఏస్తే ఫైలుల కారణం రాసి ఉండాలె.