కొడితే వెలిగిన లైటు

చిన్నీకి, బాబ్జీకి,

సంక్రాంతికి మీరొచ్చి పోయిన కాడ్నుంచి మీ ప్రశ్న నా చెవిలో తిరుగుతానే ఉంది. అమ్మ ఫోన్లో మీరు పంపిన మాటలు మళ్లీ మళ్లీ పెట్టుకొని విన్నా. ఇస్కపల్లి నుంచి కావలికి పోయేటప్పుడు, అల్లూరు దాటినాక మన పాత బండికి ఎడమ పక్క హెడ్‌లైటు ఆరిపోయిందంట. మీ నాన్న దిగి దాని పక్కన రేకు మీద అరచేత్తో ఒక్కటి చరిస్తే వెలిగిందంట. హైవే ఎక్కే లోపలే మళ్లీ ఆరిపోయిందంట. "కొడితే లైటు ఎట్టా వెలిగింది తాతా?" అని చిన్ని. "ట్యూషన్లో నన్ను కొడితే నాకు ఎక్కాలు రావడం లేదే, దానికెట్టా వచ్చింది?" అని బాబ్జీ.

బాబ్జీ, నీ ప్రశ్నలోనే సగం జవాబుంది. కొట్టినందుకు అది నేర్చుకున్నదేమీ లేదు. అందుకే మళ్లీ ఆరిపోయింది. ఈ ముక్క మీ ట్యూషన్ సారుకి కూడా చదివి వినిపించు.

మీ నాన్న ఫోను చేసి, "బల్బు పోయుంటుంది మామా, కొత్తది వేయిస్తా" అన్నాడు. కాస్త ఆగమన్నా. లోపలి తీగె తెగిన బల్బు ఎప్పుడన్నా అదురుకి ఒకసారి అంటుకొని వెలగొచ్చు గానీ, ఇట్టా రోజుల తరబడి ఆరుతా వెలుగుతా ఆటలాడదు. పైగా చిన్ని ఇంకో సంగతి చెప్పింది: నాన్న ఎడం పక్క ఇండికేటరు వేసినప్పుడల్లా ఆ హెడ్‌లైటు కూడా దాంతోపాటే డిమ్మయి, మళ్లీ తేరుకుంటా వచ్చిందని. బండిలో ఉన్న పెద్దోళ్లు ఎవరూ ఇది చూడలా. దొంగ ఎక్కడున్నాడో ఆ ఒక్క మాటతోనే నాకు సగం తెలిసిపోయింది.

ఇస్కపల్లి ఉప్పు మడులు మీరు చూశారు గదా. మీ ఈడప్పుడు ఎండాకాలం సెలవలంతా నేను మా నాయన వెంట అక్కడే ఉండేవాణ్ణి. మడిలో నీళ్లు ఎండి ఉప్పు తేరినాక పలకతో లాగి గట్టు వారన పోస్తారు. ఆడాళ్లు నెత్తిన చుట్టకుదురు పెట్టుకొని, దాన్ని తట్టల్లో ఎత్తుకొని, వరసగా పోయి బాట పక్కన పెద్ద కుప్పలో వేస్తారు. నిండు తట్టలు పోయేది ఒక గట్టు మీద, ఖాళీ తట్టలు వచ్చేది ఇంకో గట్టు మీద. మడి గట్టంటే ఒక మనిషి నడిచేంతే గదా, ఎదురుపడితే ఇద్దరిలో ఒకరు ఉప్పునీళ్లలో దిగాల్సిందే.

ఒకనాడు వచ్చే గట్టు తెగింది. పోయే గట్టుకి ఏమీ కాలా, శుభ్రంగా ఉంది. అయినా కాసేపటికి పనంతా నిలబడిపోయింది. ఎందుకో మీరే ఆలోచించండి. తట్టలన్నీ కుప్ప కాడ ఉండిపోయినాయి. మడి కాడ ఉప్పుంది, మనుషులున్నారు, ఎత్తడానికి తట్ట లేదు. మేస్త్రి పోయే గట్టు మీద నిలబడి "నడవండి, నడవండి" అని గొంతు చించుకుంటా ఉంటే, మా నాయన ఏమీ మాట్లాడకుండా పార తీసుకొని తెగిన గట్టు కాడికి పోయాడు.

బండిలో కరెంటూ అంతే. బ్యాటరీ మడి అనుకోండి, బల్బు కుప్ప అనుకోండి. స్విచ్చి మేస్త్రి కేక. ఫ్యూజు, స్విచ్చి, వైరు అన్నీ దాటి కరెంటు బల్బు దాకా పోతే చాలదు, అది తిరిగి బ్యాటరీకి రావాలి. హెడ్‌లైటు బల్బుకి వెనక మూడు కాళ్లుంటాయి: ఒకటి డిమ్ముకి, ఒకటి బ్రైటుకి, మూడోది తిరిగి రావడానికి. పోయే దారికి రంగురంగుల వైర్లు వేస్తారు. వచ్చే దారికి అంత వైరు ఎందుకని బండి ఇనుప ఒంటినే వాడుకుంటారు. మూడో కాలి నుంచి పొట్టి వైరు ఒకటి, మామూలుగా నల్లది, వచ్చి చివర రింగుతో లోపలి రేకుకి ఒక స్క్రూ కింద బిగించి ఉంటుంది. మెకానిక్కులు దీన్ని ఎర్త్ అంటారు. అక్కడి నుంచి కరెంటు బండి ఒళ్లంతా దాటి, బ్యాటరీ మైనస్‌కి బిగించిన లావుపాటి వైరులోంచి ఇల్లు చేరుతుంది.

ఆ స్క్రూ కాడే మన గట్టు తెగింది. పూర్తిగా కాదు, సగం సగం.

ఇంటి ముందర వేపచెట్టు కింద, సముద్రం గాలి నేరుగా కొట్టే చోట ఆ బండి ఎన్నేళ్లుగా నిలబడుతుందో మీకు తెలుసు. గాలిలో ఉప్పుంటుంది. పగలు దుమ్ముతో కలిసి సందు సందులో కూర్చుంటుంది, రాత్రి మంచుకి తడుస్తుంది. ఉప్పు తడిసిన చోట ఇనుముకి తుప్పు, రాగి రింగుకి పచ్చగా చిలుం. చిలుం ఎందుకు పచ్చగా ఉంటుందో మీ సైన్సు టీచర్నడగండి. నాకు చూడ్డం తెలుసు గానీ చెప్పడం రాదు. ఆ రింగుకీ రేకుకీ మధ్య చిలుం నిండిపోయి, లోహానికి లోహం నిజంగా తగిలే చోటు ఆవగింజంత మిగులుతుంది. మంది అంతా ఆ ఆవగింజంత గట్టు మీదనే రావాలి. హెడ్‌లైటు తట్టలతో అప్పటికే ఇరుకుగా ఉంటే, ఇండికేటరు వేసినప్పుడల్లా దాని తట్టలు కూడా అదే గట్టు మీదికి వచ్చిపడతాయి, రెండిటికీ ఎర్త్ ఒకటే గనక. దాంతో హెడ్‌లైటు డిమ్మవుతుంది. చిన్ని చూసింది ఇదే.

ఇంక చరిస్తే ఏమైందంటారా? రింగు వెంట్రుకవాసి జరిగి, చిలుం లేని ఇంకో చోట రేకుకి తగిలింది. లైటు వెలిగింది. కానీ ఆ బల్బు డిమ్ములో 55 వాట్లు, బ్రైటులో 60 వాట్లు తాగుతుంది. బ్యాటరీ 12 వోల్టులు. అంటే డిమ్ములోనే నాలుగున్నర ఆంపియర్ల పైన కరెంటు ఆ ఇరుకు చోటులోంచి పోవాలి. తొక్కిడికి అక్కడ వేడెక్కుతుంది. ఒక్క వోల్టు అక్కడే ఖర్చయిపోయిందనుకోండి, నాలుగైదు వాట్ల వేడి ఒక స్క్రూ తల కింద పుడుతుంది. వేడికి లోహం సాగుతుంది, తగిలినవి ఎడమవుతాయి, లైటు ఆరుతుంది. చల్లారినాక, లేదంటే గుంటలో చక్రం దిగి అదిరినాక, మళ్లీ తగులుతాయి. ఇంటికాడ మెకానిక్కుకి చూపిస్తే చక్కగా వెలిగి, సగం దారిలో మొరాయించే రోగం ఇట్టాంటిదే. ఇంకో మాట: వోల్టు తగ్గితే వెలుగు దాని లెక్కన తగ్గదు, అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. 12లో 1 పోతే వెలుగులో నాలుగో వంతు పోయినట్టే. "పాత బండి గదా, లైట్లు ఇంతే" అని సర్దుకునే వాళ్లు చాలామంది నిజానికి తుప్పు పట్టిన స్క్రూని భరిస్తా ఉంటారు.

మా నాయనకి ఒక సైకిలుండేది. వెనక చక్రానికి ఆనించే డైనమో, ముందర గుండ్రటి లైటు. డైనమో నుంచి లైటుకి ఒకటే వైరు, తిరుగు దారి సైకిలు ఫ్రేమే. ఒక ఏడు నెల్లూరు నుంచి పెయింటరు వచ్చాడని చెప్పి, సైకిలుకి నీలం రంగు కొట్టించాడు. హ్యాండిల్ కాడ లైటు బిగించే పట్టీ కింద కూడా కొట్టేశారు. సైకిలు బొమ్మలా తయారైంది, లైటు మాత్రం వెలగలా. డైనమో చక్రానికి రాసుకుంటా గుయ్యిమని మోగుతుంది, ముందర చీకటే. అల్లూరులో రాములోరి గుడి వీధిలో సైకిలు రిపేరు చేసే ముసలాయన ఒకడు ఉండేవాడు. ఆయన దగ్గరికి తీసకపోతే వైరు చూడలా, బల్బు చూడలా. పట్టీ విప్పి, చాకు మొనతో దాని కింద రంగుని పావలా బిళ్లంత మేర గీకాడు. ఇనుము తెల్లగా బయటపడింది. బిగించి చక్రం తిప్పాడు. లైటు వెలిగింది. మా నాయన "ఎంత?" అంటే, "గీకినందుకు ఏందయ్యా ఇచ్చేది?" అన్నాడు. రంగు పోయిన ఆ మచ్చ చూసి మా నాయనకి చాన్నాళ్లు మనసు చివుక్కుమంటానే ఉండింది, అది వేరే సంగతి.

ఒక్కోసారి ఎర్త్ కాదు, పోయే దారిలోనే లోపముంటుంది. అది కనిపెట్టడం కూడా మీకు చేతనవుతుంది. దారి ఎక్కడ చీలుతుందో చూడాలంతే. రెండు హెడ్‌లైట్లూ ఒకేసారి ఆరితే, దారి చీలకముందే ఎక్కడో తెగినట్టు: స్విచ్చి గానీ, రిలే (కొంచెం కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆర్పే ఇంకో స్విచ్చి లాంటిది) గానీ, రెండిటికీ కలిపి ఉన్న ఫ్యూజు గానీ. ఒకటే ఆరితే, చీలినాక: దాని ఫ్యూజు, బల్బు, హోల్డరు, ఎర్త్. రెండిట్లో డిమ్ము పోయి బ్రైటు ఉంటే స్టీరింగు కాడి డిమ్మర్ స్విచ్చిని అనుమానించాలి. పాత బండ్లు కొన్నిటిలో హెడ్‌లైటు కరెంటంతా ఆ చిన్న స్విచ్చిలోంచే పోతుంది. ఏళ్ల తరబడి కాలి కాలి లోపలి ప్లాస్టిక్కు కరిగిపోతుంది. అందుకే మంచి ఎలక్ట్రీషియన్ రిలే వేస్తాడు. అప్పుడు స్విచ్చిలోంచి పోయేది రిలేని టిక్కుమనిపించేంత కొంచెం కరెంటే. అసలు భారం బ్యాటరీ నుంచి లావు వైర్లో నేరుగా బల్బుకి పోతుంది.

ఇవేవీ చూడకుండా వెలుగు చాలలేదని 100 వాట్ల బల్బులు కొనిపెట్టే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తెగిన గట్టు మీదికి ఇంకా మందిని తోలడమే గదా అది! పాత వైరింగు కరుగుతుంది, ఎదురొచ్చే లారీ డ్రైవరుకి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఫ్యూజు పోయిందని సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేవాళ్లు ఇంకో రకం. బండి డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె మూత తీయించి చూడండి, రంగుల మీఠాయిల మాదిరి వరసగా ఉంటాయి. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, పచ్చ 30. ఎర్రది పోతే ఎర్రదే పెట్టాలి. వైరు కాలకముందే తాను కాలిపోవడానికే దాన్నక్కడ పెట్టింది.

ఇంక ఒకటి చెప్పి ఆపుతా. ఇది తెలిసినప్పటి నుంచి నాకు ఆశ్చర్యం తీరలా. వైర్లో కదిలే ఆ కరెంటు కణాలున్నాయే, ఎలక్ట్రాన్లు, వాటి నడక ఎంతనుకుంటున్నారు? హెడ్‌లైటు వైర్లో సెకనుకి మిల్లీమీటరులో నాలుగో వంతు, ఇంచుమించుగా. చీమ దాన్ని దాటిపోతుంది. ఇస్కపల్లిలో స్విచ్చి వేసి గంటకి కావలి చేరారనుకోండి, ఆ గంటలో ఒక్కో కణం వైర్లో రెండు మూరలు జరిగుంటుంది, అంతే. మరి లైటు స్విచ్చి వేసిన క్షణమే ఎట్టా వెలిగింది? గట్టు పొడుగునా మనుషులు తట్టలెత్తుకొని ముందే నిలబడి ఉన్నారు. మేస్త్రి కేకేస్తే అందరూ ఒక్కసారే అడుగేశారు. కుప్ప పక్కన నిలబడినామె తట్ట అప్పుడే పడింది. కేక మాత్రం అంత వేగంగా ఎట్టా పాకింది అంటే, నా ఉప్పు మడి కథ అక్కడ ఆగిపోతుంది. ఆడాళ్లని అంతకంటే వేగంగా నేను నడిపించలేను. పెద్దయినాక మీరు చదువుకొని నాకు చెప్పండి.

ఈ ఆదివారం చీకటి పడతానే ఒక పని చేయండి. నాన్నని బండిలో కూర్చోమని, మీరు గోడకి ఎదురుగా బండి నిలబెట్టించండి. ఇంజను ఆపి హెడ్‌లైట్లు వేయించండి. గోడ మీద రెండు వెలుగులూ పోల్చండి: ఏది పసుపుగా ఉంది, ఏది తెల్లగా ఉంది? తర్వాత ఎడమ ఇండికేటరు, తర్వాత కుడిది. ఏ పక్క హెడ్‌లైటు దాంతో కలిసి కొట్టుకుంటుందో చూడండి. మర్నాడు పగటిపూట, లైట్లన్నీ ఆర్పి, నాన్న 10 నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ తీసినాకనే, ఎడమ లైటు వెనక నల్ల వైరు ఏ స్క్రూ కింద పోయిందో వెతకండి. చిలుం కనపడితే విప్పించి, రింగూ రేకూ రెండూ మెరిసేదాకా ఎమిరీ పేపరుతో రుద్ది, బిగించినాక పైన కాస్త గ్రీజు పూయమనండి. బల్బు తీయాల్సి వస్తే దాని గాజు మాత్రం వేళ్లతో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి తొందరగా పోతుంది. గుడ్డతో పట్టుకోండి.

రుద్దకముందు ఆ స్క్రూ ఎట్టా ఉందో చిన్ని బొమ్మ గీయాలి, పచ్చ ఎంత మేర ఉందో రంగు కూడా వేసి. బాబ్జీ దాని కింద పేర్లు రాయాలి. ఫోటో తీసి పంపొద్దు, బొమ్మే కావాలి. అవ్వ చేసిన అరిసెలు ఇంకా డబ్బాలో ఉన్నాయి, వచ్చే బస్సుకి పంపిస్తా.

మీ తాత
ఇస్కపల్లి